అర్ధమనిషి నుంచి పన్నుకట్టే మనిషి దాకా: నేటాల్ తెలుగు కుటుంబాల్లో పిల్లలు, ఇంటిపేరు, భాష

1860 అక్టోబరులో మద్రాసు రేవు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ నవంబరు 16న డర్బన్ తీరానికి చేరింది. నేటాల్ చెరకుతోటల్లో అయిదేళ్ళ ఒప్పందం మీద పనిచేయడానికి వచ్చిన తొలి భారతీయ బృందం అందులో ఉంది. 1911లో ఆ రవాణా ఆగిపోయేవరకు మొత్తం 1,52,184 మంది ఆ విధంగా నేటాల్ చేరారు. వీరిలో ఎక్కువమంది మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారే. విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచీ, నాటి ఉత్తర ఆర్కాటు జిల్లాలో భాగంగా ఉన్న చిత్తూరు ప్రాంతం నుంచీ వెళ్ళిన తెలుగువారు వీరిలో గణనీయంగా ఉన్నారు.

ప్రవాసాంధ్రుల చరిత్రను గురించి తెలుగులో వచ్చిన రచనలు ప్రధానంగా రెండు విషయాలను చర్చించాయి. ఒకటి కూలీల దోపిడి. రెండవది ప్రవాసంలో సంస్కృతి నిలుపుదల. మొదటిదాంట్లో కనిపించేది వయోజన పురుషుడు. రెండవదాంట్లో కనిపించేవి గుడి, పండుగ, భజన. ఈ రెంటికీ నడుమ, చంకన బిడ్డతో ఓడ దిగిన తల్లి గాని, పదమూడేళ్ళ కూతురికి పన్ను కట్టవలసివచ్చిన తండ్రి గాని అంతగా కనిపించరు. నేటాల్‌లో తెలుగు కుటుంబం స్థిరపడిన తీరును అర్థం చేసుకోవడానికి అక్కడి చట్టాలూ దస్తావేజులూ పిల్లలను ఏ విధంగా లెక్కించాయో చూడటం అవసరం. పరాయిదేశంలో ఉండిపోవాలా, తిరిగి రావాలా అన్న నిర్ణయం చాలా ఇళ్ళలో ఆ లెక్కతోనే ముడిపడి ఉంది.

ఓడ జాబితాలో బిడ్డ

ఓడ ఎక్కిన ప్రతి మనిషికీ ఒక సంఖ్య ఉండేది. కాలనీలో బతికినంతకాలం ఆ సంఖ్యే అతని గుర్తింపు. తల్లిదండ్రులతో వచ్చిన పిల్లలకూ విడిగా సంఖ్య కేటాయించేవారు. అయితే ఓడలో చోటును లెక్కకట్టేటప్పుడు మాత్రం వారు పూర్తి మనుషులు కారు. వలసనౌకల నియమాల ప్రకారం పసికందులు లెక్కలోకే రారు. చిన్నపిల్లలు సగం మనిషిగా లెక్కకు వస్తారు. ఇద్దరు పిల్లలు కలిస్తే ఒక పెద్దమనిషి చోటు. ఈ 'సగం' అనే భావన ఓడ నియమంతోనే ముగిసిపోలేదు. నేటాల్ తెలుగు కుటుంబాల చరిత్రలో అది మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది.

నిజానికి తోటల యజమానులకు కుటుంబాలు అక్కరలేదు. వారికి కావలసింది చేతులు. స్త్రీలను ఒక నిర్ణీత నిష్పత్తిలో తీసుకురావాలన్న షరతును భారత ప్రభుత్వం పట్టుబట్టి విధించింది. తర్వాతి దశలో అది సాధారణంగా నూరుమంది పురుషులకు నలభైమంది స్త్రీలు. పిల్లలకు అలాంటి నిష్పత్తి ఏదీ లేదు. స్త్రీలను కోరినందువల్ల పిల్లలు కూడా వచ్చారు, అంతే. భర్త చనిపోయి, బిడ్డలతో ఒంటరిగా ఓడ ఎక్కిన స్త్రీలు కూడా జాబితాల్లో ఉన్నారు. వారి విషయంలో 'కుటుంబం' అనే మాటకు అర్థం తల్లీ బిడ్డలే.

జాబితాలో గడులు ఇలా ఉంటాయి: సంఖ్య, పేరు, తండ్రిపేరు, వయస్సు, లింగం, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, శరీరం మీది గుర్తులు. 1860 నుంచి 1902 వరకు గల జాబితాలను సురేంద్ర భానా గణన పద్ధతిలో పరిశీలించి 1991లో గ్రంథంగా ప్రకటించారు. తొంభైఅయిదు వేలకు పైబడిన వ్యక్తుల వివరాలు ఆ పరిశీలనకు ఆధారం. ప్రాంతాలు, కులాలు, వయస్సులు ఆయన విశ్లేషణలో విస్తారంగా ఉన్నాయి. తెలుగు పరిశోధకుల దృష్టికి వెంటనే తట్టే విషయం మరొకటి ఉంది. ఆ గడుల్లో ఇంటిపేరుకు చోటు లేదు.

ఈ లోపం యాదృచ్ఛికమైనది. మద్రాసు రేవులో జాబితాలు రాసిన పద్ధతికి తమిళ సంప్రదాయం సరిగ్గా సరిపోతుంది. తండ్రిపేరు, సొంతపేరు, కులం చెబితే తమిళ వ్యక్తి గుర్తింపు పూర్తవుతుంది. తెలుగువానికి అది చాలదు. కులభేదం లేకుండా తెలుగునాట ప్రతి కుటుంబానికీ ఇంటిపేరు ఉంటుంది. ఎవరు అన్నదమ్ముల వరస అవుతారో, ఎవరు వియ్యమందదగినవారో తేల్చేది అదే. చదువురాని కూలివాడికైనా తన ఇంటిపేరు తెలుసు. కాని గుమాస్తా అడగలేదు. అడగని మాట కాగితం మీదికి ఎక్కలేదు. పెద్దవారి విషయంలో దీనివల్ల తక్షణ నష్టం లేదు, ఎందుకంటే ఇంటిపేరు వారి జ్ఞాపకంలో ఉంది. నష్టపోయింది పిల్లలు. నేటాల్‌లో పుట్టిన బిడ్డ పేరు నమోదుచేసేటప్పుడు తండ్రి సొంతపేరు బిడ్డకు చివరిపేరు అయింది. మరుతరంలో అదే వంశనామంగా స్థిరపడింది.

అందుకే దక్షిణాఫ్రికా తెలుగువారిలో నేటికీ అప్పలరాజు, అప్పలస్వామి, అప్పడు వంటివి వంశనామాలుగా కనిపిస్తాయి. ఇవి సింహాచలం అప్పన్న పేరు పెట్టుకునే కళింగాంధ్ర కుటుంబాల వ్యక్తినామాలు. ఎప్పుడో విశాఖపట్నం జిల్లాలోని ఒక పల్లె నుంచి బయలుదేరిన ఒక అప్పలస్వామి, తనకు తెలియకుండానే ఒక వంశానికి మూలపురుషుడయ్యాడు. ఆయనకు ముందున్న తరాలు ఆ పేరు వెనుక మూతపడ్డాయి. మరొక మార్గంలో కులబిరుదులు వంశనామాలయ్యాయి. నాయుడు, రెడ్డి, చెట్టి అనే మాటలు నేటాల్ గుమాస్తాల వర్ణక్రమంలో ఇంగ్లీషు లిపిలో ఒక్కొక్క రూపం దాల్చి స్థిరపడ్డాయి. నాయుడు అనే బిరుదు తెలుగునాట అనేక కులాలకు ఉమ్మడి. కొత్తదేశంలో దాన్ని స్వీకరించడానికి పాతవూరి అనుమతి అక్కరలేదు. కాబట్టి నాయుడు అనే పేరు గల నేటాల్ కుటుంబాలన్నింటికీ ఒకే కులమూలాన్ని ఊహించడం పొరపాటు. కొందరు వ్యాసకర్తలు ఆ పొరపాటు చేయకపోలేదు.

ఇంటిపేరు పోవడం పెండ్లిసంబంధాల దగ్గర ఆచరణలో సమస్య అయింది. వరసలు తేల్చడానికి ఆధారం లేనప్పుడు, ఊరూ జిల్లా అడగటం, ఒకే ఓడలో వచ్చినవారిని బంధువులుగా ఎంచుకోవడం ప్రత్యామ్నాయాలయ్యాయి. బంధుత్వం రక్తం నుంచి ప్రయాణానికి మారింది. తెలుగు బంధుత్వ వ్యవస్థలో ఇది చిన్న మార్పు కాదు.

తోటలో పెరగడం

ఒప్పందం ప్రకారం పురుషునికి మొదటి ఏడు నెలకు 10 షిల్లింగుల జీతం. ఏటా ఒక షిల్లింగు పెరుగుతూ అయిదవ ఏటికి 14 అవుతుంది. స్త్రీలకు అందులో సగం. తిండిగింజలు, వసతి యజమాని ఇవ్వాలి. బియ్యానికి బదులుగా మొక్కజొన్న పిండి ఇవ్వడం సాధారణమైంది. జొన్నసంకటికీ రాగిఅంబలికీ అలవాటుపడినవారికి అది పూర్తిగా కొత్త కాకపోయినా, పాలు మరిచిన బిడ్డకు అన్నం పెట్టాలనుకునే తల్లికి అది లోటే. వరుసలుగా కట్టిన కూలిలైన్లలో ఒక్కొక్క గది ఒక్కొక్క కుటుంబానికి. కొన్నిచోట్ల ఆ గదిలో ఇతరులూ ఉండేవారు. సర్దారు కేకతో తెల్లవారకముందే రోజు మొదలయ్యేది. పనికి రాని రోజుకు జీతం, కొన్నిసార్లు తిండిగింజలు కూడా కోతపడేవి. బిడ్డ జబ్బుపడితే తల్లి పనిమానడం అంటే ఆ కోతకు సిద్ధపడటమే.

పిల్లలను ఎవరు చూసుకోవాలి అన్న ప్రశ్నకు తెలుగు పల్లెలో సమాధానం ముసలివారు. అత్తో, అమ్మమ్మో, మేనత్తో ఇంటిపట్టున ఉంటుంది. ఓడ ఎక్కడానికి పనికివచ్చేవారిని మాత్రమే ఎంపికచేసిన వ్యవస్థ ఆ ముసలితరాన్ని వెనుకనే వదిలివేసింది. ఈ సంగతి సాహిత్య విద్యార్థులకు ప్రత్యేకంగా ముఖ్యం. జోలపాట, పొడుపుకథ, సామెత, పేదరాశి పెద్దమ్మ కథ తల్లిదండ్రుల నుంచి కంటె తాతఅవ్వల నుంచే ఎక్కువగా పిల్లలకు అందుతాయి. నేటాల్‌లో పుట్టిన మొదటి తరం తెలుగు పిల్లలు తాతఅవ్వలు లేని పిల్లలు. మౌఖిక సాహిత్యం అక్కడ ఎందుకు పలుచబడిందన్న ప్రశ్నకు ఇంగ్లీషు ప్రభావం ఒక్కటే కారణంగా చెప్పడం అలవాటైంది. అంతకు ఎంతో ముందే, మొదటి తరంలోనే, కథ చెప్పే మనిషి ఇంట్లో లేదు.

కాస్త పెద్దయిన పిల్లలు చెల్లెళ్ళనూ తమ్ముళ్ళనూ ఎత్తుకునేవారు. ఇంకా పెద్దయితే పనిలోకి వెళ్ళేవారు. నేటాల్ ఉత్తర తీరంలో తేయాకు తోటలు వచ్చాక ఆకుకోతకు చిన్నచేతులు కావలసివచ్చాయి.

మూడు పౌండ్లు

అయిదేళ్ళ ఒప్పందం తీరిన కూలివానికి స్వేచ్ఛగా బతికే హక్కు ఉండేది. మరో అయిదేళ్ళు కాలనీలో గడిపితే ఉచితంగా స్వదేశానికి తిరుగు ప్రయాణం దొరికేది. చాలామంది తిరిగిపోలేదు. కూరగాయల సాగు, అరటితోట, రైల్వే పని, డర్బన్ పురపాలక సంఘంలో పని దొరికాయి. డర్బన్‌లో పురపాలక కార్మికుల కోసం కట్టిన మాగజీన్ బారక్స్‌లో తమిళులతోపాటు తెలుగు కుటుంబాలూ తరాలపాటు నివసించాయి.

ఈ విధంగా స్థిరపడటాన్ని ఆపడానికే నేటాల్ శాసనసభ 1895లో 17వ చట్టం చేసింది. దాని కిందికి వచ్చే కార్మికుడు ఒప్పందం ముగిశాక స్వదేశానికి తిరిగిపోవాలి, లేదా మళ్ళీ ఒప్పందంలో చేరాలి, లేదా ఏటా 3 పౌండ్ల పన్ను చెల్లించాలి. కొత్త నియమాల కింద వచ్చినవారి మొదటి ఒప్పందాలు 1901లో ముగిశాయి కాబట్టి పన్ను అమలు అప్పటినుంచి మొదలైంది. ఇంతవరకు చరిత్రగ్రంథాలన్నింటిలో ఉన్నదే. 1903లో వచ్చిన సవరణకు మాత్రం తగినంత ప్రాధాన్యం దక్కలేదు. ఆ సవరణ ద్వారా పన్నును వారి పిల్లలకు కూడా వర్తింపజేశారు: మగపిల్లలకు 16 ఏళ్ళు, ఆడపిల్లలకు 13 ఏళ్ళు నిండినప్పటి నుంచి.

లెక్క వేసి చూస్తే దీని బరువు తెలుస్తుంది. 3 పౌండ్లంటే 60 షిల్లింగులు. నెలకు 10 షిల్లింగుల చొప్పున మొదటి ఏడాది ఒప్పంద జీతం మొత్తం 6 పౌండ్లు. అందులో సగం ఒక్క మనిషి పన్నుకు పోతుంది. తండ్రి, తల్లి, పదహారేళ్ళ కొడుకు, పదమూడేళ్ళ కూతురు ఉన్న ఇంటికి ఏడాదికి 12 పౌండ్లు. స్వేచ్ఛాకూలీ సంపాదన ఒప్పంద జీతం కంటె కొంత మెరుగైనదే అనుకున్నా, ఈ మొత్తాన్ని భరించగల ఇళ్ళు కొద్ది. కట్టలేనివారు మళ్ళీ తోటకు పోయి ఒప్పందంలో చేరారు. పన్ను ఉద్దేశం కూడా అదే.

ఆడపిల్లకు తక్కువ వయస్సు నిర్ణయించడం యాదృచ్ఛికం కాదని భావించవచ్చు. పెండ్లివయస్సు గురించి కాలనీ అధికారులకు ఉన్న అభిప్రాయం అందులో ప్రతిబింబిస్తుంది. ఓడలో సగం మనిషిగా వచ్చిన పిల్ల, తోటలో జీతం లేని పిల్లగా పెరిగి, పదమూడో ఏట పన్ను విషయంలో మాత్రం తన తండ్రితో సమానమైన పూర్తిమనిషి అయింది. జీతం విషయంలో అప్పటికీ సగమే.

మరొక చిక్కు వయస్సును రుజువు చేయడం. పుట్టిన తిథి, నక్షత్రం చెప్పగల బ్రాహ్మణుడు కూలిలైన్లలో అరుదు. ఓడ జాబితాలోని వయస్సు గుమాస్తా కంటి అంచనా. గాలివానో కరువో వచ్చిన ఏడాది పుట్టిందని చెప్పే తెలుగు తల్లి లెక్క, ఆ గాలివానను ఎరుగని దేశంలో చెల్లదు.

1913 మార్చిలో మరో దెబ్బ తగిలింది. బహుభార్యాత్వాన్ని అనుమతించే మతపద్ధతుల్లో జరిగిన వివాహాలు దక్షిణాఫ్రికా చట్టరీత్యా చెల్లవని కేప్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి సెర్ల్ తీర్పుచెప్పాడు. ఆ తీర్పు ఒక ముస్లిం దంపతుల వ్యాజ్యంలో వచ్చినా, దాని నీడ హిందూ వివాహాల మీదా పడింది. వివాహం చెల్లకపోతే బిడ్డకు వారసత్వం ఏమవుతుంది, స్వదేశం నుంచి తల్లీబిడ్డలను రప్పించుకునే హక్కు ఏమవుతుంది అన్న భయం ప్రతి ఇంటికీ చేరింది. ఆ ఏడాది గాంధీ నాయకత్వంలో సాగిన సత్యాగ్రహంలో స్త్రీలు ముందుకు రావడానికి ఈ తీర్పు ఒక ప్రధాన కారణం. నేటాల్ నుంచి ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటిన పాదయాత్రలో 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు ఉన్నారని గాంధీ రాశారు. దారిలో ఇద్దరు పసిబిడ్డలు చనిపోయారు. ఒక బిడ్డ చలికి, మరొక బిడ్డ వాగు దాటుతుండగా తల్లి చేతుల్లోంచి జారి. ఆ తల్లుల భాష ఏదో ఆ గ్రంథం చెప్పదు. 1914లో వచ్చిన చట్టంతో పన్ను రద్దయింది. ఒక భార్యకూ ఆమె పిల్లలకూ చట్టపరమైన గుర్తింపు దొరికింది.

బడి, ప్రార్థన, భాష

నేటాల్‌లో భారతీయ పిల్లల చదువు మిషనరీల చేతుల్లో మొదలైంది. సింహళంలో పనిచేసి తమిళం నేర్చిన వెస్లియన్ మిషనరీ రాల్ఫ్ స్టాట్ 1860 దశకంలోనే బడి నడిపాడు. 1878లో భారతీయ వలసదారుల పాఠశాలల కోసం ఒక బోర్డు ఏర్పడింది. కాని అధికసంఖ్యాక పిల్లలకు తోట నుంచి బడి దూరం. చేరినవారికి బోధన ఇంగ్లీషులో. భారతీయ భాష ఏదైనా నేర్పితే మద్రాసు రేవు నుంచి వచ్చినవారికి అది తమిళం అయ్యేది. కాలనీ వ్యవహారంలో మనుషులు రెండు రకాలు: మద్రాసువారు, కలకత్తావారు. తెలుగు పిల్లవాడు మద్రాసువారిలో చేరి, బడిలోనూ ఆటలోనూ తమిళానికి అలవాటుపడ్డాడు.

ఈ స్థితిలో తెలుగు చదవడానికి ఒక కారణం కల్పించిన తొలి ప్రయత్నాల్లో ముఖ్యమైనది క్రైస్తవ సమాజం నుంచి వచ్చింది. 1903లో నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టు సంఘం జాన్ రంగయ్య అనే బోధకుని నేటాల్ పంపింది. హ్యూలెట్ కుటుంబానికి చెందిన కీర్స్నీ తేయాకు తోటలో ఆయన ఆ ఏడాదే తెలుగు సంఘాన్ని స్థాపించాడు. ఈ విషయాన్ని మతచరిత్రకు వదిలివేయడం సరికాదు. తెలుగు బైబిలు చదవాలంటే తెలుగు అక్షరాలు రావాలి. కీర్తన పాడటానికి పుస్తకం చేతిలో ఉండాలి. హిందూ కుటుంబాల్లో రామభజన నోటికి వచ్చిన పాటగా సాగింది. అక్షరం లేకుండానే సాగగలిగింది. అందుచేత మొదటి దశలో తెలుగు చదువు ఒక సమాజంలో, తెలుగు పాట మరొక సమాజంలో నిలిచాయి. ఈ రెండూ ఒకే తోటలో, పక్కపక్క గదుల్లో ఉన్నా వాటి చరిత్రలను వేర్వేరుగా రాసుకోవడం ఆనవాయితీ అయింది.

1927లో భారత, దక్షిణాఫ్రికా ప్రభుత్వాల మధ్య కేప్‌టౌన్ ఒడంబడిక కుదిరింది. స్వదేశానికి తిరిగివెళ్ళే భారతీయులకు ఆ పథకం కింద పెద్దవారికి 20 పౌండ్లు, 16 ఏళ్ళలోపు పిల్లలకు 10 పౌండ్లు ఇవ్వజూపారు. ఓడ ఎక్కి వచ్చినప్పుడు సగం మనిషిగా లెక్కించిన బిడ్డను ఓడ ఎక్కించి పంపడానికీ సగమే వెల. అయితే ఈసారి పిల్లలు అక్కడ పుట్టినవారు. 'స్వదేశం' వారికి తల్లిదండ్రుల మాటల్లో విన్న ఊరు. వెళ్ళినవారిలో చాలామంది మద్రాసులో దిక్కుతోచక నిలిచిపోయారు. ఉన్నవారు తాము కాలనీలో పుట్టినవారమన్న గుర్తింపునే ఆయుధం చేసుకుని, ఇంకెక్కడికో తరలించే ప్రతిపాదనలను వ్యతిరేకించడానికి 1933లో ఆ పేరుతోనే ఒక సంఘం పెట్టుకున్నారు.

ఆ ఒడంబడిక ఫలితంగా భారత ప్రభుత్వ ప్రతినిధి దక్షిణాఫ్రికాలో ఉండసాగాడు. మొదటివాడు శ్రీనివాసశాస్త్రి. ఆయన తర్వాత 1929 నుంచి 1932 వరకు ఆ పదవిలో ఉన్నవాడు తెలుగువాడైన కూర్మా వెంకటరెడ్డినాయుడు. ఆయన కాలంలోనే, 1931లో, దక్షిణాఫ్రికా ఆంధ్రమహాసభ డర్బన్‌లో ఏర్పడింది. మద్రాసువారి గుంపులో కలిసిపోయిన తెలుగువారు తమను విడిగా పేర్కొనడం, పిల్లలకు తెలుగు నేర్పే బాధ్యతను సంస్థగా చేపట్టడం ఇక్కడి నుంచి స్పష్టమవుతుంది. అప్పటికి తొలి ఓడ వచ్చి 70 ఏళ్ళు గడిచాయి. మహాసభ బడుల్లో తెలుగు నేర్చినవారు చాలామంది తొలి కూలీల మనుమలు, మునిమనుమలు.

తర్వాతి కథ తెలిసినదే. 1951 జనగణనలో తెలుగును ఇంటిభాషగా చెప్పినవారు సుమారు 30 వేలు. 1980 నాటికి ఆ సంఖ్య 4 వేలకు పడిపోయింది. ఈ పతనాన్ని వారిజాక్షి ప్రభాకరన్ తమ పరిశోధనలో కుటుంబ, మత, విద్యా రంగాల వెలుగులో పరిశీలించారు. ఇంగ్లీషు బడి ఒక కారణమైతే, జాతుల వారీగా నివాసప్రాంతాలను విడదీసిన చట్టం మరొక కారణం. 1960 దశకంలో మాగజీన్ బారక్స్ ఖాళీచేయించి కుటుంబాలను చాట్స్‌వర్త్‌కు తరలించారు. ఉమ్మడి పెరట్లో మూడు తరాలవారు కలిసి మాట్లాడుకున్న తెలుగు, విడివిడి ఇళ్ళలో తల్లిదండ్రులూ పిల్లలూ మాత్రమే మిగిలాక ఇంగ్లీషుకు చోటిచ్చింది. ఓడ ఎక్కేటప్పుడు తాతఅవ్వలను వదిలివేసిన పరిస్థితే మరొక రూపంలో మళ్ళీ వచ్చింది. భాష వెళ్ళిపోయాక కూడా ఇళ్ళలో మిగిలినవి తాత, అవ్వ, అక్క వంటి వరస పిలుపులు.

1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగం గౌరవించి పెంపొందించవలసిన సమాజభాషల్లో తెలుగును పేరుపెట్టి చెప్పింది. ఇటీవలి దశాబ్దాల్లో, నాలుగైదు తరాల తర్వాతివారు తమ పూర్వుని కాలనీ సంఖ్య పట్టుకుని ఆంధ్రప్రదేశ్‌లో ఊరు వెతుక్కుంటూ వస్తున్నారు. జాబితా నకలులో గ్రామం పేరు ఉంటుంది. ఇంగ్లీషు వర్ణక్రమంలో ఎంత వికృతమైనా ఓపికతో చదివితే పోల్చుకోవచ్చు. తండ్రిపేరూ ఉంటుంది. ఊరివారు మాత్రం మొదట అడిగేది ఇంటిపేరే.